లాండ్రీ గదిలో రాగి, ఇత్తడి, కంచు

పోయిన నెలలో మా వంటింటి కుళాయి కారడం మొదలుపెట్టింది. మేముండే క్యారీ ఊళ్ళో ప్లంబర్‌ని పట్టుకోవడమంటే పెళ్ళికి ముహూర్తం కుదుర్చుకోవడమే. వాళ్ళు చెప్పిన రోజుకి మనం అన్నీ మానుకుని కూర్చోవాలి. నాలుగో రోజు ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. పొడుగ్గా ఉన్నాడు, కుడిచేతికి లావుపాటి ఉంగరం. మాటలో ఫ్రెంచి యాస వినబడి ఏ ఊరని అడిగాను. పుట్టింది ఆఫ్రికాలోని టోగోలో అని, ఇక్కడికి రాకముందు చాలా ఏళ్ళు న్యూజెర్సీలో పనిచేశానని చెప్పాడు.

పాత కుళాయి ఊడదీశాడు. దాన్ని వెంటనే కింద పడేయకుండా ఎడమ అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. ఉంగరం వేలు మడిచి టక్కుమని కొట్టి, తల కుడివైపుకి వాల్చి విన్నాడు. తనలో తనే అనుకుంటున్నట్టు "ఇత్తాడీ" అన్నాడు. అప్పుడు కళ్ళు తెరిచి, "బ్రాస్, మేడమ్. మంచి సరుకు. పారేయకండి" అన్నాడు.

నేను స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా కదల్లేదు.

"ఇప్పుడేమన్నారు?"

"బ్రాస్."

"దానికి ముందు?"

"ఓ, అదా!" అని నవ్వాడు. "అది మా బడి మాట. అక్కడ నేర్చుకున్నవాళ్ళం అందరం అలాగే అంటాం. ముందు అది రాకపోతే ఇంగ్లీషు మాట రాదు."

ఏ బడి అని అడిగేలోపు ఆయన ఫోన్ మోగింది. మాట్లాడుకుంటూ వ్యాన్‌లోంచి ఏదో తెచ్చుకోవడానికి బయటికి వెళ్ళాడు. నేను పొంగిన పాలు తుడుస్తూ నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది ఏడుపు కాదు. నాకు ఒళ్ళంతా గర్వం పొంగింది. ఆ టక్కుమని కొట్టడం, ఆ తల వాల్చడం ఎవరివో ఈ ఊళ్ళో నా ఒక్కదానికే తెలుసు.

ఆవిణ్ణి మేం ఆంటీ అనేవాళ్ళం. పేరు రాయను. రాస్తే "నా పేరెందుకే, సరుకు గురించి రాయి" అంటుంది. ఆవిడ పోయి రెండేళ్ళయింది కానీ అనదని నేను పూచీ పడలేను.

న్యూజెర్సీలోని పిస్కాటవేలో నేను మెటీరియల్స్ సైన్స్‌లో ఎమ్మెస్ చేస్తున్న రోజులవి. హైదరాబాద్ నుంచి వచ్చిన నలుగురు అమ్మాయిలం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఎదురు తలుపు ఆంటీది. అంకుల్ ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ లైన్ చూసుకునేవారు. నోరు తెరిస్తే మాటలు అరిగిపోతాయేమోనన్నట్టుండే మనిషి. ఆంటీ ఒక స్కూలు క్యాంటీన్‌లో పనిచేసేది, అంకుల్ మిగిల్చిన మాటలన్నీ కూడా ఆవిడే వాడేసేది. కంచు గొంతు. రెండో అంతస్తులోంచి పార్కింగ్‌లో ఉన్న మనిషిని పిలిస్తే పక్క బిల్డింగ్‌వాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు.

ఆవిడ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు కూర్చోమన్నా కూర్చోలేదు. వంటింట్లోకి నడిచి మా కుక్కర్‌ని ఉంగరం వేలితో టక్కుమని కొట్టి, తల వాల్చి వింది. "సత్తు" అంది. మా అమ్మ పంపిన దీపం కుందిని కొట్టింది. "ఇత్తడి. బానే ఉంది." నా రూమ్మేట్ ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న కొవ్వొత్తి స్టాండ్‌ని కొట్టింది. "ఊఁ" అంది, అంతే. ఆ "ఊఁ"కి అర్థం తెలియడానికి మాకు నెల పట్టింది. లోపల వేరే ఉంది, పైన పూత ఉంది, నీ మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు అని. బస్టాప్‌లో స్తంభాన్ని కొట్టేది, డాక్టర్ గదిలో బరువు చూసే మిషన్ని కొట్టేది. నా కొత్త ల్యాప్‌టాప్‌ని కూడా కొట్టింది.

"సరుకు అబద్ధం చెప్పదే. పూత చెప్తుంది" అనేది. వెంటనే, "మా నాన్న మాట" అని చేర్చేది. ఏ మంచి మాట చెప్పినా చివర ఆ రెండు మాటలూ ఉండాల్సిందే.

ఆ నాన్న ఎవరో ఒక గృహప్రవేశంలో తెలిసింది. మాకందరికీ తెలిసిన ఒక డాక్టర్ గారి ఇల్లు. పెరట్లో షామియానా, లోపల జనం. హాల్లో నిలువెత్తు నటరాజ విగ్రహం, పంచలోహమని ఇంటావిడ పదిమందికి చెప్తోంది. ఆంటీ అటువైపు వెళ్తుంటే నేనూ వెనకే పరిగెత్తాను. అడ్డుపడేలోపు టక్కుమంది. తల వాలింది.

"ఊఁ" అంది. తర్వాత నా చెవిలో, తన లెక్కలో గుసగుసగా, "లోపలంతా జింకే. పాపం, ఎంత ముచ్చటగా పెట్టుకుందో. చెప్పకు" అంది. ఆ గుసగుస పులిహోర దగ్గర నిలబడ్డవాళ్ళకి కూడా వినబడింది.

భోజనాల దగ్గర ఒక పెద్దాయన మర్యాదకి అడిగాడు. "మీ ఫాదర్ ఏం చేసేవారమ్మా?" ఆ బల్ల చుట్టూ అప్పటికే ఒక ప్రొఫెసర్ గారి అమ్మాయి, ఒక ఇంజనీరు గారి అబ్బాయి తేలారు.

"పాతినప సామాన్లు కొనేవాడండీ" అంది ఆంటీ. "తెనాలిలో. ముందు తోపుడు బండి. తర్వాత కొట్టు. ఇదిగో, ఇలా అరిచేవాడు." అని, గారె చేతిలో పట్టుకునే, "పాతినప్ సామాన్లు కొంటాం!" అని ఒక్క కేక పెట్టింది. పెరట్లో షామియానా కింద పిల్లలు ఆట ఆపి చూశారు.

నాకు చెవులు ఎర్రబడ్డాయి. ఇది దాచడానికి వీల్లేదు, రాసి తీరాలి. ఆవిడతో వచ్చినందుకు ఆ నిమిషం సిగ్గుపడ్డాను. ఆవిడ మాత్రం గారె తుంచుకుని చట్నీలో ముంచుకుంది. "కళ్ళు మూసుకుని ఎనిమిది రకాలు చెప్పేవాడండీ మా నాన్న. వేలిముద్రే, సంతకం రాదు" అంది. కలెక్టరు కూతురు కూడా వాళ్ళ నాన్న గురించి అంత ఠీవిగా చెప్పుకోగా నేను వినలేదు.

అఫీ మాకు పరిచయమైంది మా బిల్డింగ్ కింద లాండ్రీ గదిలో. టోగోలో లోమే అనే ఊరు వాళ్ళది, మా కింద అంతస్తులో ఉండేది. నలభై దాటిన మనిషి. తుక్కు సామాను యార్డ్‌లో పని. ఆరుబయట బెల్టు మీద కదులుతూ వచ్చే తుక్కులోంచి రాయీరప్పా, ప్లాస్టిక్కూ ఏరిపారేసే పని. జనవరిలో కూడా బయటే. ఆ రోజు ఆవిడ చేతి తొడుగులు ఉతుక్కుంటోంది. వేళ్ళు వాచి, మిరపపళ్ళలా ఎర్రగా ఉన్నాయి. ఆంటీ ఆ వేళ్ళు చూసి, తన బట్టల బుట్ట కింద పెట్టేసి, "ఏం పని తల్లీ నీది?" అని తెలుగులోనే అడిగేసింది.

అఫీ ముక్కల ఇంగ్లీషులో చెప్పిన సంగతి ఇది. ఆ యార్డ్‌లో లోపల, హీటరున్న గదిలో ఒక బల్ల ఉంది. రాగి, ఇత్తడి లాంటి విలువైన సరుకు అక్కడికి వస్తుంది. బల్ల దగ్గర మనిషి ఒక్కో ముక్కా చూసి ఇంగ్లీషులో పేరు గట్టిగా చెప్పాలి, అవతల కాటా దగ్గర మనిషి అది కంప్యూటర్‌లో కొట్టాలి. ఆ బల్ల దగ్గర చోటు ఖాళీ అయింది. అఫీ అడిగింది. ఫోర్‌మన్ పరీక్ష పెడతానన్నాడు. పాసైతే చలికాలమంతా లోపల. ఫెయిలైతే మళ్ళీ బెల్టు. ఇంకో చలికాలం ఆ వేళ్ళు తట్టుకోవని డాక్టర్ చెప్పేశాడు, అంటే పనే మానుకోవాలి.

అఫీకి లోహాలు తెలియక కాదు. లోమే బజార్లో పదేళ్ళు గిన్నెలూ చట్లూ అమ్మిన మనిషి. చిక్కంతా పేర్ల దగ్గర. ఆవిడ మాట్లాడే ఫ్రెంచిలో రాగి "క్వీవ్ర్", ఇత్తడి కూడా "క్వీవ్ర్" అనే. ఒకటి ఎర్రది, ఇంకోటి పసుపుది, అంతే తేడా. ఇనుముకీ ఉక్కుకీ బజారు మాట ఒకటే, "ఫేర్". దాంతో ఇంగ్లీషులో ఇత్తడి కనబడినా నోటికి కాపర్ అనే వచ్చేది. స్టీల్‌ని ఐరన్ అనేది. కంచు సంగతి అడక్కండి.

"అమ్మాయ్, నీకు ఫ్రెంచి వచ్చుగా!" అంది ఆంటీ నాతో.

వచ్చు. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా మార్కులకోసం తీసుకున్నాను. నూటికి తొంభై ఎనిమిది. "నా పేరు ఫలానా, నాకు ఐస్‌క్రీమ్ ఇష్టం" వరకు బ్రహ్మాండంగా మాట్లాడగలను. పైగా మెటీరియల్స్ సైన్స్. ఇంకేం, నాకంటే తగినదెవరు? ఆ రాత్రికి రాత్రే డిక్షనరీ ముందేసుకుని ఒక చార్ట్ చేశాను. ఒక వరసలో ఫ్రెంచి, ఒక వరసలో ఇంగ్లీషు, పన్నెండు లోహాలు, రంగు పెన్నులతో గీతలు. పీరియాడిక్ టేబుల్‌ని మా కాలేజీలో మాకెలా ఎక్కించారో అలాగే అఫీకి ఎక్కించాను. పొద్దున బట్టీ, సాయంత్రం అప్పచెప్పడం. రెండు వారాల్లో అల్యూమినియం నుంచి జింక్ దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నేను నా వీపు నేనే తట్టుకున్నాను.

అఫీ పరీక్షలో ఫెయిలైంది.

తిరిగొచ్చి లాండ్రీ గదిలో కుర్చీలో కూలబడి చెప్పింది. ఫోర్‌మన్ పసుపుపచ్చటి వాల్వు ఒకటి చేతికిచ్చాడు. దాని పేరు రావడానికి మనసులో నా చార్ట్ మొదటినుంచీ చదువుకోవాల్సి వచ్చింది. మనం కార్తీకం ఎన్నో నెలో చెప్పడానికి చైత్రం నుంచి వేళ్ళు లెక్కపెట్టుకోమూ, అలాగ. ముక్క ముక్కకీ అల్యూమినియం దగ్గర మొదలు. కాటా దగ్గర మనిషి నవ్వాడు. కంగారులో వరస తప్పింది, వాల్వు కాపర్ అయిపోయింది. పైగా నేను డిక్షనరీ చూసి రాసిన ఫ్రెంచి పేర్లలో సగం లోమే బజార్లో ఎవరూ అనరట. నా మనసు నొచ్చుకుంటుందని అప్పుడు చెప్పలేదట.

"నెల తర్వాత ఇంకో పరీక్ష. అదే ఆఖరు" అంది అఫీ.

నేను తలెత్తలేకపోయాను. ఆంటీ గోడమీద నా చార్ట్ ఊడదీసి, రంగు పెన్నుల గీతలతో సహా నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది. "నీ చదువు మీద నాకు గౌరవం ఉందే పిల్లా" అంది. "కానీ పేరు నోట్లో పెట్టావు. అది చేతిలో ఉండాలి. మా నాన్న మాట."

మర్నాడు ఆదివారం పొద్దున్న లాండ్రీ గదిలోకి ఒక ప్లాస్టిక్ బకెట్ వచ్చింది. అందులో విరిగిన కుళాయిలు, కిటికీ చట్రం ముక్క, రాగి తీగ చుట్ట, పగిలిన దోసె పెనం, చేపల గేలానికి కట్టే సీసం గుండ్లు, పాత తాళాలు. అడుగున గుడ్డలో చుట్టి బొటనవేలంత వంకర ముక్క ఒకటి. అది తెనాలి నుంచి వచ్చింది. కంచు. వాళ్ళ నాన్న కొట్లో గల్లాపెట్టె పక్కనే ఉండేదట, అనుమానం వచ్చిన ప్రతి సరుకునీ దాని పక్కన మోగించి చూసేవాడట.

అఫీ కళ్ళకి తువ్వాలు కట్టింది. చేతిలో ఒక ముక్క పెట్టింది. బరువు చూడమంది. ఉంగరంతో కొట్టమంది. అఫీ కొట్టింది. "క్వీవ్ర్... కాపర్..." అని నసుగుతుండగానే ఆంటీ ఆపుకోలేక "ఇత్తడి!" అని కేకేసింది. గదంతా మోగింది. అఫీ ఉలిక్కిపడి, "ఇత్తాడీ" అంది.

అప్పుడు ఆంటీ ఇంకో ముక్క పెట్టింది. "రాగి!" "రాజీ." "రా-గి." "రాగి." మళ్ళీ మొదటిది. అఫీ కొట్టి, విని, మెల్లగా "ఇత్తాడీ" అంది. తప్పలేదు. ఇంకోసారి. తప్పలేదు. అఫీ ఎరిగిన పాత మాట ఒకటే ఆ రెండిటినీ ముడివేసి కూర్చుంది. ఈ కొత్త మాటలకి అలాంటి బాదరబందీ ఏమీ లేదు. నా తొంభై ఎనిమిది మార్కులకి తట్టని ఉపాయం ఆవిడకి కేక పెట్టడంలో దొరికింది.

అక్కడినుంచి పద్ధతి కుదిరింది. ముందు అఫీ వాళ్ళింటి మాట, తర్వాత ఆంటీ వాళ్ళింటి మాట, ఆఖర్న ఆఫీసు మాట. క్వీవ్ర్, ఇత్తడి, బ్రాస్. ఫేర్, ఉక్కు, స్టీల్. ఫేర్, ఇనుము, ఐరన్. మూడూ చెప్పేలోపు ముక్క చేతిలోనే ఉండాలి. కింద పెడితే మళ్ళీ మొదటికి.

చెవితో వినాల్సిన చదువు కాబట్టి చప్పుడు కూడదు. లాండ్రీ గదిలో చప్పుడు కూడదంటే ఎలా? ఆదివారం పొద్దున బట్టలు పట్టుకొచ్చినవాళ్ళందర్నీ ఆంటీ గుమ్మం దగ్గరే ఆపేసేది. "డ్రయ్యర్ నో! ఎగ్జామ్! టెన్ మినిట్స్!" ఒకసారి మూడో అంతస్తు కుర్రాడు మేనేజర్‌కి ఫిర్యాదు చేశాడు. మేనేజర్ వచ్చాడు. ఆంటీ అతని తాళాల గుత్తి తీసుకుని కళ్ళు మూసుకుని ఏ తాళం దేనితో చేశారో వరసగా చెప్పింది. అతను తన ఇంట్లోంచి విరిగిన తలుపు పిడి తెచ్చి బకెట్‌లో వేసి వెళ్ళాడు.

ఇంగ్లీషు వాళ్ళ మీద మాత్రం ఆవిడకి కోపం తగ్గలేదు. "అల్యూమినియం కాగితాన్ని టిన్ ఫాయిల్ అంటారు! అందులో తగరం చుక్క లేదు. స్టీలు డబ్బాని టిన్ క్యాన్ అంటారు, పైన పూత తప్ప లోపల తగరం లేదు. అసలు వీళ్ళకి ఇంగ్లీషు ఎవరు నేర్పారే?" అఫీ పడీపడీ నవ్వేది. వాళ్ళ ఫ్రెంచివాళ్ళూ అంతే, తగరానికీ, గిన్నెకి చిల్లి పడితే మాటు వేసే సరుక్కీ ఒకటే పేరు అనేది. ఇద్దరూ రెండు దేశాల ఏలికల్ని కలిపి తిట్టుకుంటూ ముక్కలు ఏరేవాళ్ళు.

రెండో ఆదివారానికి అఫీతో పాటు యార్డ్‌లో పనిచేసే ఇంకో ముగ్గురొచ్చారు. బెనిన్ ఆయనొకడు, ఐవరీ కోస్ట్ వాళ్ళిద్దరు. ఎవరు ఏ అంతస్తులో ఉన్నా వినబడేలా ఆంటీ మెట్లమీద నిలబడి "పాతినప్ సామాన్లు కొంటాం!" అని కేకేసేది. అదే బడి గంట. నా చెవులు అప్పటికి ఎర్రబడ్డం మానేశాయి.

మూడో ఆదివారం నాకు తువ్వాలు కట్టింది. "ఎమ్మెస్ గారూ, చెప్పండి." మొదటిది రాగి, చెప్పాను. రెండోది పోత ఇనుము, చెప్పాను. మూడోది కొట్టాను, విన్నాను, "ఇత్తడి" అన్నాను. నలుగురు ఆఫ్రికా వాళ్ళూ ఒక్కసారి "కన్‌చూ!" అని అరిచారు. తువ్వాలు తీసి చూస్తే తెనాలి నుంచి వచ్చిన ముక్క.

"కంచు కాసేపు మోగుతూనే ఉంటుందే. నువ్వు సగంలో చెవి తీసేశావు" అంది ఆంటీ. ఫెయిల్.

ఆఖరి పరీక్ష రోజు శనివారం. నా పాత కారులో ముగ్గురం వెళ్ళాం. ఆంటీ గంధం రంగు పట్టుచీర కట్టుకుని, పైన మంచు కోటు, కాళ్ళకి బూట్లు వేసుకుంది. తుక్కు యార్డ్‌కి పట్టుచీరేంటి ఆంటీ అన్నాను. "మా నాన్న కొట్టు మూసేశాక మళ్ళీ ఇలాంటి చోట అడుగుపెట్టలేదే" అంది. కారు దిగగానే నిలబడిపోయి తుప్పూ, నూనే, తడి మట్టీ కలిసిన ఆ గాలి గట్టిగా పీల్చింది. "మా ఇంటి వాసన" అంది.

బయటివాళ్ళని లోపలికి రానివ్వరు. కాటా గది కిటికీ దగ్గర నిలబడమన్నారు. అద్దం సగం తెరిచి ఉండి లోపలి మాటలు వినబడుతున్నాయి. తెల్లగడ్డం ఫోర్‌మన్ ఒక తొట్టి బోర్లించాడు. అఫీ ఒక్కో ముక్కా తీసుకుంటోంది. పెదాలు కదులుతున్నాయి. మూడో మాట మాత్రం పైకి వస్తోంది. "కాపర్. బ్రాస్. స్టీల్. క్యాస్ట్ ఐరన్. బ్రాస్. లెడ్." అవతల మనిషి కొడుతున్నాడు. నవ్వడం లేదు. ఆంటీ ఉంగరం వేలు కిటికీ చట్రం మీద చప్పుడు కాకుండా ఆడుతోంది.

చివర ఒక తళతళలాడే కుళాయి పిడి వచ్చింది. అఫీ కొట్టింది. మళ్ళీ కొట్టింది. "జింక్" అంది.

ఫోర్‌మన్ తల అడ్డంగా ఊపాడు. లోహాలు చూసే, తుపాకీలా ఉండే మిషన్ తీసి దాని మీద పెట్టి, తెర అఫీ వైపు తిప్పాడు. "నికెల్, కాపర్ చూపిస్తోంది. పైన మెరుగు, లోపల బ్రాస్. ఇంకోసారి ఆలోచించుకో."

మా యూనివర్సిటీ ల్యాబ్‌లో అలాంటిదానికి పెద్దన్న ఉంది, దాని మాటంటే నాకు వేదం. అయిపోయింది అనుకున్నాను. చివరి మెట్టు మీద పోయింది. ఆంటీ వైపు చూశాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది, తల కుడివైపుకి వాలి ఉంది. ఇందాకటి చప్పుడు ఆవిడకీ వినబడింది. పెదవి మీద చిన్న నవ్వు.

అఫీ మిషన్ వంక చూసింది, పిడి వంక చూసింది. వాచిన వేళ్ళతో దాన్ని ఇంకోసారి కొట్టింది. చెవి తీయలేదు. "మిషన్ పూత చదివింది" అంది, తన వచ్చీరాని ఇంగ్లీషులో. "నాకు ఆకురాయి ఇవ్వండి."

ఆకురాయితో నాలుగు గీతలు గీసింది. పైన మెరుపు పోయింది, దాని కింద పల్చగా ఎర్రటి పొర, అదీ పోయింది. లోపల పసుపు లేదు. బూడిద తెలుపు. ఫోర్‌మన్ గీసిన చోట మిషన్ మళ్ళీ పెట్టాడు. చదివి, గడ్డం గోక్కుని, నవ్వాడు. "మిషన్ని నమ్మి మాట మార్చుకుంటావా లేదా అన్నదే నా ఆఖరి ప్రశ్న" అన్నాడు. "ఇప్పటిదాకా అందరూ మార్చుకున్నారు. సోమవారం నుంచి బల్ల నీది."

నేను ఎగిరి గంతేశాను, నిజంగానే. ఆంటీ గంతెయ్యలేదు. కోటు బొత్తాలు సర్దుకుంది.

కాసేపటికి అఫీ ఒక ఫారం పట్టుకుని పరిగెత్తుకుంటూ బయటికొచ్చింది. కొత్త పనికి కాగితాలు. అందులో ఒక గడి దగ్గర పెన్ను ఆగింది. ఈ పని ఎక్కడ నేర్చుకున్నారు, సంస్థ పేరు, ఊరు.

"లాండ్రీ గది అని రాస్తావా ఏంటి?" అని నవ్వాను నేను.

అఫీ నవ్వలేదు. "ఆంటీ, మీ నాన్న బడి పేరేంటి?"

"బడా? కొట్టు తల్లీ. పాతినప కొట్టు."

"అదే. స్పెల్లింగ్ చెప్పండి. ఊరు కూడా."

ఆంటీ ఒక్కో అక్షరం చెప్పింది. టీ, ఈ, ఎన్ దాకా కంచు గొంతుతోనే చెప్పింది. "ఏ" అక్షరం దగ్గర మొహం యార్డ్ వైపు తిప్పుకుంది. ఎల్, ఐ అఫీయే రాసుకుంది, ఆ ఊరి పేరు నెల రోజులుగా వింటూనే ఉంది కదా. పాతినప కొట్టు, తెనాలి, ఇండియా. ఫోర్‌మన్ చూసి, ముద్ర వేసి, ఫైల్లో పెట్టుకున్నాడు.

కారులో ఆవిడ కిటికీలోంచి వెనక్కి యార్డ్ వైపే చూస్తూ కూర్చుంది. రూట్ వన్ రోడ్డు మీదికి వచ్చాక కోటు చేత్తో కళ్ళు తుడుచుకుంది.

"వేలిముద్ర మనిషే మా నాన్న" అంది. "స్కూల్లో నా ఫారం మీద తండ్రి వృత్తి అన్నచోట మేస్టారు రాయడానికి ఇదయి, వ్యాపారం అని రాశాడే. అది కొట్టేసి పాతినప కొట్టు అని రాయమని గొడవపెట్టాను. రాయలేదు. ఇవాళ రాశారు."

గృహప్రవేశం రోజు ఎర్రబడిన నా చెవుల సంగతి అప్పుడు చెప్పేశాను. క్షమించమన్నాను. "నాకు తెలుసులేవే, చూశాను" అని నా తలమీద ఒక మొట్టికాయ వేసింది. అదీ టక్కుమంది. "ఊఁ" అంది. అఫీ వెనక సీట్లో విరగబడి నవ్వింది.

తర్వాత నేను ఉద్యోగానికి క్యారీ వచ్చేశాను. ఆంటీ ఫోన్లో ఎప్పుడూ ఆదివారం సంగతులే. ఇవాళ ఏడుగురొచ్చారే, ఇవాళ పన్నెండుమంది వచ్చారే. ఒంట్లో బాగాలేక మెట్లు దిగలేని రోజుల్లో పైనుంచి కేక మాత్రం వేసేదట, కింద అఫీ పాఠం చెప్పేది. ఆవిడ పోయినప్పుడు నేను వెళ్ళాను. అంకుల్ ఆ బకెట్ తెచ్చి అఫీ చేతిలో పెట్టారు. "నీదేనమ్మా" అన్నారు. ఆయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడగా నేను విన్నది అదే. అఫీ గుడ్డ విప్పి, ఆ కంచు ముక్కని ఉంగరంతో ఒకసారి మోగించింది. ఈసారి నేను చివరిదాకా విన్నాను.

ప్లంబర్ వ్యాన్‌లోంచి తిరిగొచ్చాడు. సింకు కింద దూరి కొత్త కుళాయి బిగించాడు. నీళ్ళు వదిలి చూసి, చేతులు తుడుచుకుంటూ పాత కుళాయి నా చేతికిచ్చాడు.

"ఇత్తాడీ కాదండీ" అన్నాను. "ఇత్తడి. ఎక్కడా సాగదీయకూడదు."

ఆయన తువ్వాలు పట్టుకుని అలాగే ఆగిపోయాడు. నన్ను ఎగాదిగా చూశాడు. ముఖం మెల్లగా వెలిగింది.

"మేడమ్! మీరు కూడా తెనాలిలో చదివారా?"

ఆయన వెనక హాల్లో గోడమీద నా ఎమ్మెస్ పట్టా ఫ్రేములో వేలాడుతోంది. దాన్ని చూపించాలని నాకు తోచనేలేదు.

"అవును" అన్నాను. "ఫస్ట్ బ్యాచ్."

ఆయన చెయ్యి మళ్ళీ శుభ్రంగా తుడుచుకుని, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఫస్ట్ బ్యాచ్! పెద్ద టీచర్ దగ్గరే! మరి పాసయ్యారా?"

"లేదండీ. కంచు దగ్గర ఫెయిలయ్యాను" అని తలెత్తి చెప్పాను.